‘ఒకటి చెప్తే తిట్టవుగా?’

బడిలో ఇరవై నాలుగేళ్లు కంప్యూటర్ ల్యాబ్ తాళాలు నా చేతిలోనే ఉండేవి. గంట కొట్టగానే మెయిన్ స్విచ్ కట్టేసేదాన్ని. ముప్పై తెరలూ ఒక్కసారిగా నల్లబడేవి. పిల్లలు "అయ్యో మేడమ్!" అని మూకుమ్మడిగా మూలిగి, మరుక్షణం బయటికి పరిగెత్తేవారు. ఆ స్విచ్ ఇప్పుడు ఎవరింట్లోనూ లేదు. అందుకే కాబోలు, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం "మావాడు ఫోన్ వదలడండీ" అనే మొదలయ్యాయి. ఏడింటిని కుదించి ఇక్కడ జవాబు రాస్తున్నాను. వాటిలో ఒకటి పదకొండేళ్ల పిల్ల రాసింది. పెద్దవాళ్లు దాన్ని దాటేసి వెళ్లొద్దని మనవి.

ప్రశ్న: మా బాబుకి రెండున్నరేళ్లు. ఫోన్‌లో పాటలు పెడితేనే నోరు తెరుస్తాడు. ఆపితే నేల మీద పడి దొర్లుతాడు. మా అత్తగారు "ఎలాగోలా కడుపు నిండితే చాల్లే" అంటారు. మాన్పించేదెలా?

జవాబు: మీ అత్తగారిని తప్పు పట్టకండమ్మా. ముద్ద ముద్దకీ గంటసేపు వెంటపడి తినిపించిన మనిషికి, ఆ ఫోన్ దేవుడు పంపినట్టే ఉంటుంది. కాకపోతే ఒక్కసారి వాడి మొహం చూడండి. కళ్లు తెర మీద ఉంటాయి, నోరు దానంతటది తెరుచుకుంటుంది. ఏం తింటున్నాడో తెలీదు, కడుపు నిండిందో లేదో కూడా వాడికి పట్టదు. ఆకలి, చాలు అనే రెండు కబుర్లూ పిల్లలు ఈ వయసులోనే నేర్చుకోవాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ల లోపు పిల్లల కోసం కొన్ని సూచనలు ఇచ్చింది. రెండేళ్లు నిండేదాకా కూర్చోబెట్టి తెర చూపించడం వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట దాటొద్దనీ, తగ్గితే మరీ మంచిదనీ వాటి సారం. పూటకి ముప్పావు గంట చొప్పున మూడు పూటలు లెక్క కట్టండి. మీవాడికి తిండి దగ్గరే రెండుంబావు గంటలు అవుతోంది. వేరే ఊళ్లో ఉన్న తాతయ్య, అమ్మమ్మలతో వీడియో కాల్ మాట్లాడటాన్ని మాత్రం ఈ లెక్కలో వేసుకుని బాధపడకండి. పద్దెనిమిది నెలల లోపు పిల్లలకి తెరలు వద్దన్న అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా వీడియో కాల్‌ని మినహాయించింది. అవతల ఉన్న మనిషి పిల్లాడు నవ్వితే నవ్వుతాడు, పిలిస్తే పలుకుతాడు. పాటల వీడియో ఆ పని చెయ్యదు కదా.

మూడు పూటలూ ఒకేసారి మాన్పించబోయి మీరు ఏడవకండి. వాడికి బాగా ఆకలేసే పూట, మీకు పరుగు లేని పూట ఒకటి చూసుకోండి. ముందురోజే ఆటోప్లే ఆపేయండి. ఒక పాట అయ్యాక ఇంకోటి దానంతటదే వచ్చిపడేది దానివల్లే. పాట అయిపోవడాన్ని పిల్లలు ఓర్చుకుంటారు, మధ్యలో లాక్కోవడాన్ని ఓర్చుకోరు. తర్వాత ఫోన్‌ని బోర్లించి ఎత్తున పెట్టి పాట మాత్రం వినిపించండి. బొమ్మ పోయింది, పాట మిగిలింది. నాలుగు రోజులయ్యాక ఆ పాట మీరే పాడండి, గొంతు ఎలా ఉన్నా ఫర్వాలేదు. ఆపే బొత్తాం వాడి వేలితోనే నొక్కించి "ఫోన్‌కి టాటా" చెప్పించండి. ఆపింది తనే కాబట్టి దొర్లడం తగ్గుతుంది.

మొదటి మూడు నాలుగు రోజులు తక్కువ తింటాడు. ఆరోగ్యంగా ఉన్న పిల్లాడు ఆకలేస్తే తింటాడు. బరువు తగ్గుతున్నా, ఈ వయసుకి రెండు మాటలు కలిపి పలకకపోయినా, పిలిస్తే తిరిగి చూడకపోయినా పిల్లల డాక్టరుకి చూపించండి. "అంతా ఫోన్ వల్లే" అని ఇంట్లోనే తేల్చేసుకుని ఊరుకోవద్దు.

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్లు. ఈమధ్యే ఫోన్ కొనిచ్చాం. తనకి తెలియకుండా మెసేజీలన్నీ మనకి కనిపించే యాప్ ఉందని ఆఫీసులో మిత్రుడు చెప్పాడు. పెట్టమంటారా?

జవాబు: వద్దు. నేను పెట్టాను కాబట్టి చెబుతున్నాను.

పదేళ్ల కిందటి మాట. మావాడికి అప్పుడు పద్నాలుగు. ఊళ్లో పిల్లలందరికీ ఇంటర్నెట్ జాగ్రత్తలు చెప్పే మనిషిని, నా కొడుకు గదిలో తలుపేసుకుంటే మాత్రం నిద్ర పట్టేది కాదు. ఓ ఆదివారం వాడు స్నానానికి వెళ్లినప్పుడు ఆ యాప్ ఎక్కించేశాను. పదకొండు రోజులు రాత్రిపూట వాడి మెసేజీలు చదివాను. ఏముంది వాటిలో? లెక్కల హోంవర్కు, క్రికెట్, "మా అమ్మ ల్యాబ్‌లోనే కాదురా, ఇంట్లోనూ అడ్మినే" అన్న జోకు. ఇంకొకటి, వాడి స్నేహితుడి తమ్ముడికి పెద్ద జబ్బు చేసిన సంగతి.

పన్నెండో రోజు భోజనాల దగ్గర నోరు జారాను. "ఆ అబ్బాయి తమ్ముడికి ఎలా ఉందిరా ఇప్పుడు?" అన్నాను. మావాడి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నీకెవరు చెప్పారు?" అన్నాడు. నేను నీళ్లు నమిలాను. వాడు అరవలేదు. అరిచినా బాగుండేది. మర్నాటి నుంచి ఫోన్ నా ఎదురుగానే బల్ల మీద పడేసి తిరిగేవాడు. నేను బుద్ధొచ్చిందనుకున్నాను. ఎనిమిది నెలల తర్వాత తెలిసింది, ఎవరో స్నేహితుడి పాత ఫోన్ వాడుతున్నాడని. నేను కాపలా కాసిన ఫోన్‌లో ఓ బుద్ధిమంతుడు ఉండేవాడు. నా కొడుకు ఇంకో ఫోన్‌లో ఉన్నాడు.

అలాగని పదమూడేళ్ల పిల్ల చేతిలో ఫోన్ పెట్టి "నీ ఇష్టం తల్లీ" అనమనడం లేదు. చూడండి, కానీ చూస్తున్నానని చెప్పి చూడండి. గూగుల్ వాళ్ల ఫ్యామిలీ లింక్ 2017లో వచ్చింది, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ 2018లో వచ్చింది. రెండూ ఉచితమే. కొత్త యాప్ కావాలంటే మీ అనుమతి అడుగుతాయి, రాత్రి ఫలానా టైముకి ఫోన్‌కి తాళం వేస్తాయి, ఏ యాప్‌లో ఎంతసేపు గడిపిందో చూపిస్తాయి. మెసేజీలు చదివి పెట్టవు. పైగా అవి ఉన్నాయని పిల్లకి తెలుస్తుంది. నాకు నచ్చేది అదే.

పదమూడు నిండాయి కాబట్టి సోషల్ మీడియాకి ఎదిగిపోయినట్టే అనుకుంటారు చాలామంది. ఆ పదమూడు ఏ మనస్తత్వ నిపుణులో పిల్లల పరిపక్వతని కొలిచి పెట్టిన అంకె కాదు. పదమూడు లోపు పిల్లల వివరాలని తల్లిదండ్రుల అనుమతి లేకుండా వెబ్‌సైట్లు సేకరించకూడదని అమెరికా 1998లో ఒక చట్టం చేసింది. ఆ తలనొప్పి ఎందుకని కంపెనీలు గీత అక్కడ గీసుకున్నాయి.

ఓ సాయంత్రం ఇద్దరూ పక్కపక్కన కూర్చోండి. ఫోన్ అమ్మాయి చేతిలోనే ఉండనివ్వండి. ఖాతా ప్రైవేట్‌లో ఉందా, కొత్తవాళ్లెవరైనా నేరుగా మెసేజ్ పెట్టగలరా, లొకేషన్ ఎవరికి కనిపిస్తోంది, ఆటల్లో వాయిస్ చాట్ స్నేహితులకేనా లోకానికంతా తెరిచి ఉందా అని ఒక్కొక్కటీ తననే అడుగుతూ మార్పించండి. మీకు తెలియనివి తనే నేర్పుతుంది, నేర్పించుకోండి. లేచేముందు ఒక్క మాట ఇవ్వండి: "అక్కడ ఏం జరిగినా, తప్పు నీదైనా సరే, నాకొచ్చి చెప్పు. చెప్పినందుకు ఫోన్ లాక్కోను." ల్యాబ్‌లో నా దగ్గరకొచ్చి ఏడ్చిన పిల్లల్లో చాలామంది ఇంట్లో చెప్పకపోవడానికి కారణం దెబ్బల భయం కాదు. ఫోన్ పోతుందని. ఆ మాట ఇవ్వడం తేలికే. మొదటిసారి పరీక్షకి వచ్చినప్పుడు నిలబెట్టుకోవడం కష్టం. నిలబెట్టుకోండి.

ప్రశ్న: నాకు పదకొండేళ్లు. మా ఇంట్లో రాత్రి ఎనిమిది తర్వాత ఫోన్ ముట్టుకోకూడదని రూల్. కానీ ఆ రూల్ నాకూ తమ్ముడికే. నాన్న చూస్తూనే ఉంటారు. నేనేదైనా చెప్తే "ఊఁ" అంటారు. ఏం చెప్పానో చెప్పమంటే తెలీదు. అడిగితే ఆఫీసు పని అంటారు. కానీ నవ్వుతుంటారు. ఆఫీసు పనిలో నవ్వొస్తుందా?

జవాబు: రాదు బంగారూ. నేను ఇరవై నాలుగేళ్లు ఉద్యోగం చేశాను, ఒక్కసారి కూడా రాలేదు.

నువ్వో పని చెయ్యి. నాన్న "ఊఁ" అన్నప్పుడు గొంతు పెంచకు. వెళ్లి పక్కన కూర్చుని ఫోన్ తెర మీద నీ అరచెయ్యి పెట్టు. ఏమీ మాట్లాడకు. నాన్న నీ మొహం చూశాక అప్పుడు మొదలుపెట్టు. చెయ్యి పెడితే విసుక్కోకూడదని ముందే ఒప్పందం రాయించుకో, సంతకంతో సహా. ఇప్పుడు ఈ పేజీని నాన్నకి ఇచ్చి వెళ్లి ఆడుకో.

అయ్యా, పిల్లలో వెటకారం లేదు, గమనింపు ఉంది. వెనకటికి పేపరు చదివే తండ్రి పేపరు వెనకే ఉన్నా, చదువుతున్నాడని పిల్లలకి తెలిసేది. ఫోన్ వీపు ఏమీ చెప్పదు. బ్యాంకు పనైనా, రీల్స్ అయినా బయటికి ఒకేలా ఉంటుంది. అందుకని పైకి చెప్పండి: "మెయిల్‌కి జవాబిస్తున్నా, ఐదు నిమిషాలు." చెప్పాక ఐదో నిమిషంలో ఫోన్ పెట్టేయాలనుకోండి, అది వేరే కష్టం.

1970ల్లో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశారు. తల్లి పసిబిడ్డతో ఆడుతూ ఆడుతూ రెండు మూడు నిమిషాలు మొహంలో ఏ భావమూ లేకుండా ఉండిపోతుంది. బిడ్డ మొదట నవ్వుతుంది, వేలు చూపిస్తుంది, కేరింత పెడుతుంది. ఎంతకీ స్పందన లేకపోయేసరికి మొహం తిప్పుకుని ఏడుపు అందుకుంటుంది. తర్వాతి కాలంలో ఫోన్ చూస్తూ ఉండిపోయిన తల్లులతోనూ ఇలాంటి ప్రయోగం చేశారు. అప్పుడూ పిల్లలు తల్లడిల్లారు. మీ అమ్మాయి పసిది కాదు కాబట్టి ఏడవలేదు, ఉత్తరం రాసింది.

మీలో లోపం ఉందని కాదు. మీరు చూసే ఆ పేజీకి అడుగు లేదు. కిందికి జరిపేకొద్దీ వస్తూనే ఉండే ఆ ఏర్పాటుని 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ తయారుచేశాడు. తర్వాత తనే దాని గురించి బాహాటంగా విచారం వెలిబుచ్చాడు. అడుగు లేని చోట మనమే ఒక గట్టు కట్టుకోవాలి. మా ఇంట్లో ఆ గట్టు ఒక ఛార్జింగ్ బోర్డు. హాల్లో, చెప్పుల స్టాండు పైన. పడగ్గదుల్లో ఛార్జర్లు లేవు, నాది కూడా. "అలారం ఎలా?" అని మావారు అభ్యంతరం చెబితే టేబుల్ అలారం కొన్నాను. అది మోగితే వీధంతా లేస్తోంది గానీ, తెల్లారి కళ్లు తెరవగానే వాట్సాప్ చూడటం పోయింది. మొదటి వారం నేనే రెండుసార్లు దొంగతనంగా హాల్లోకి వెళ్లాను. మావారికి దొరికిపోయాను కూడా.

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేను. ఆన్‌లైన్ గేమ్ ఆడుతుండగా భోజనానికి పిలిస్తే అరుస్తాడు. మొన్న కోపంలో వైఫై పీకేశాను. తలుపు గుద్ది విరగ్గొట్టినంత పని చేశాడు. ఇది వ్యసనమేనా?

జవాబు: ముందు ఒక పూట వాడి పక్కన కుర్చీ వేసుకుని ఒక్క మ్యాచ్ మొదటి నుంచి చివరిదాకా చూడండి. తప్పులు వెతకడానికి కాదు. ఆ ఆటని మధ్యలో ఆపే వీలు లేదని మీకే తెలుస్తుంది. ఎక్కడెక్కడి పిల్లలో జట్టుగా ఆడుతుంటారు. ఒకడు మాయమైతే మిగతావాళ్లు ఓడిపోతారు, వెళ్లిపోయినవాడి పాయింట్లు కోస్తారు, కొన్ని ఆటల్లో కాసేపు ఆడనివ్వరు కూడా. మీరు పీకింది వైఫై. వాడికి మాత్రం ఆఖరి ఓవర్లో బ్యాటు లాక్కున్నట్టు అనిపించి ఉంటుంది. తలుపు గుద్దడం ఒప్పని నేననను. ఆ మాట కోపాలు చల్లారాక వాడితో విడిగా తేల్చుకోండి.

అందుకే "ఎనిమిదింటికి ఆపెయ్" అనే రూలు ఆన్‌లైన్ ఆటలకి పనికిరాదు. మ్యాచ్‌ల లెక్క పెట్టుకోండి. "ఒక మ్యాచ్ ఎంతసేపు? ఇరవై ఐదు నిమిషాలా? అయితే మూడు. ఏడుంబావు తర్వాత కొత్తది మొదలుపెట్టకూడదు." గీత ఆట ఆపడం దగ్గర కాదు, మొదలుపెట్టడం దగ్గర గీయాలి. ఇలా మార్చుకున్న ఇళ్లలో అరుపులు సగానికి తగ్గడం నేను చూశాను.

ఇక వ్యసనం సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా పదకొండో కూర్పులో గేమింగ్ డిజార్డర్‌ని చేర్చింది. అది 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా బతుకంతా ఆట తర్వాతే కావడం, నష్టం కళ్లముందు కనిపిస్తున్నా మానలేకపోవడం, ఇవన్నీ చదువునీ ఇంటినీ దెబ్బతీసే స్థాయిలో మామూలుగా ఓ ఏడాది పాటు కనిపించాలి. రెండు అరుపులకీ ఒక తలుపు దెబ్బకీ ఆ పేరు తగిలించకండి. వాడు విన్నాడంటే "ఎలాగూ నేను వ్యసనపరుణ్ణేగా" అని అదే దుప్పటి కప్పుకుంటాడు.

మీరు చూడాల్సినవి వేరే ఉన్నాయి. నిద్ర ఎన్ని గంటలు? స్నేహితులతో బయటికి వెళ్తున్నాడా? ఒకప్పుడు ప్రాణం పెట్టిన డ్రాయింగో, ఫుట్‌బాలో అటకెక్కిందా? ఇంట్లో డబ్బులు మాయమవుతున్నాయా? చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఏముందో తెలియని పెట్టెని డబ్బు పెట్టి తెరిచే ఏర్పాటు చాలా ఆటల్లో ఉంటుంది. కొన్ని ఆటల్లోని ఆ పెట్టెలు జూదం కిందికే వస్తాయని బెల్జియం 2018లో తేల్చింది. మీ కార్డు వివరాలు వాడి ఫోన్‌లో దాచి ఉంటే ఇవాళే తీసేయండి. ఈ సంగతులు నెలల తరబడి కలిసి కనిపిస్తే, లేదా చచ్చిపోతానని ఒక్కసారి అన్నా సరే, మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మా పదహారేళ్ల అబ్బాయి రాత్రి రెండింటికి నన్ను లేపి "అమ్మా, ఒకటి చెప్తే తిట్టవుగా?" అన్నాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమైన ఒకమ్మాయి వీడియో కాల్‌లో వీడితో బట్టలు తీయించి రికార్డు చేసిందట. డబ్బు పంపకపోతే స్నేహితులందరికీ పంపుతామంటున్నారు. భయంతో ఒకసారి పంపాడు. ఇంకా అడుగుతున్నారు. చచ్చిపోవాలనిపిస్తోందంటున్నాడు.

జవాబు: ఈ తల్లి ఉత్తరంలో ఫోన్ నంబర్ రాసింది. కవరు విప్పిన రోజే మాట్లాడాను. అబ్బాయి క్షేమం. ఇద్దరి అనుమతితో, వివరాలు కొన్ని మార్చి అచ్చు వేస్తున్నాం. ఇదే ఇంకో ఇంట్లో ఇవాళ రాత్రి జరగొచ్చు.

మొదటి పని ఫోన్ గురించి కాదు. ఆ రాత్రి పిల్లాణ్ణి ఒంటరిగా పడుకోనివ్వకండి. ఇలాంటి బెదిరింపులకి కొన్ని గంటల్లోనే ప్రాణాలు తీసుకున్న పిల్లలున్నారు. చావు మాట నోటివెంట వస్తే వెంటనే వైద్య సాయం తీసుకోండి. "నీ తప్పు కాదు, ఇది వాళ్ల వ్యాపారం, నీలాంటి వందమంది మీద ఇదే పాట పాడుతుంటారు" అని చెప్పండి. నిజం కూడా అదే. తెర మీద కనిపించిన ఆ అమ్మాయి చాలాసార్లు ముందే రికార్డు చేసి పెట్టిన వీడియో. వెనక నుంచి ఆడించేది ఇంకెవరో.

ఇక డబ్బు ఒక్క పైసా కూడా పంపొద్దు. ఒకసారి ఇచ్చిన ఇంటి తలుపే వాళ్లు మళ్లీ తడతారు. బతిమాలవద్దు, తిట్టవద్దు, జవాబే ఇవ్వొద్దు. సిగ్గుతో చాట్ అంతా చెరిపేయాలనిపిస్తుంది, చెరపకండి. వాళ్ల ఖాతా పేరు, ప్రొఫైల్ లింకు, బెదిరింపు మెసేజీలు, డబ్బు వెళ్లిన ఖాతా వివరాలు స్క్రీన్‌షాట్లు తీసి దాచి, అప్పుడు బ్లాక్ చెయ్యండి. ఆ యాప్‌లో రిపోర్ట్ చెయ్యండి, పోలీసుల సైబర్ విభాగానికి ఫిర్యాదు ఇవ్వండి, డబ్బు పోయిన సంగతి బ్యాంకుకి చెప్పండి. స్నేహితుల జాబితా బయటివాళ్లకి కనిపించకుండా మార్చండి.

బొమ్మలు బయటికి పాకకుండా ఆపడానికి ఒక దారి ఉంది. తప్పిపోయిన, వేధింపులకి గురైన పిల్లల కోసం అమెరికాలో పనిచేసే జాతీయ కేంద్రం ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ నడుపుతోంది. పద్దెనిమిదేళ్ల లోపు తీసిన ఫొటో, వీడియోలకి ఇది పనిచేస్తుంది. పేరు చెప్పక్కర్లేదు, బొమ్మని ఎవరికీ పంపక్కర్లేదు. మీ ఫోన్‌లోనే ఆ బొమ్మకి వేలిముద్ర లాంటి ఒక సంకేతం తయారవుతుంది. ఆ సంకేతం ఒక్కటే వాళ్లకి వెళ్తుంది. ఒప్పందంలో ఉన్న కంపెనీలు దాన్ని పెట్టుకుని అదే బొమ్మ తమ దగ్గర కనబడితే తీసేస్తాయి. వాట్సాప్ లాంటి, మధ్యలో ఎవరూ చదవలేని చాట్‌లలో ఇది పనిచెయ్యదు. అందుకే ఫిర్యాదు మానొద్దు.

నేను మాట్లాడినప్పుడు ఆ తల్లిని ఒకటే అడిగాను, ఆ రాత్రి వాడు లేపగానే మీరేమన్నారని. "ఏమీ అనలేదండీ, దుప్పటి జరిపి చోటిచ్చాను" అంది.

ప్రశ్న: ఫోన్ ఎక్కువ చూసే పిల్లలకి నీలి కాంతి ఆపే కళ్లద్దాలు కొనమంటున్నారు. అవసరమా?

జవాబు: డబ్బు దండగ. ఆ అద్దాలతో కంటి అలసట తగ్గుతుందనడానికి చెప్పుకోదగ్గ ఆధారం లేదని వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2023 సమీక్షలో తేల్చింది. తెర చూస్తూ మనం రెప్ప కొట్టడం మర్చిపోతాం, మంట అందుకే. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడమంటారు కంటి డాక్టర్లు. దానికన్నా పెద్దది ఆరుబయలు. పిల్లల్లో దగ్గరిచూపు, అంటే దూరానివి మసగ్గా కనబడే లోపం, విపరీతంగా పెరిగిన తైవాన్‌లో 2010 నుంచి బడి పిల్లలు రోజుకి 120 నిమిషాలు బయట గడిపేలా ఒక కార్యక్రమం నడిపారు. చూపు మందగించే పిల్లల సంఖ్య తగ్గడం మొదలైంది. ఆ కళ్లద్దాల డబ్బుతో ఒక బంతి కొనండి.

ప్రశ్న: నాకు డెబ్బై రెండేళ్లు. రెండు నెలల కిందట మనవడి గొంతుతో ఫోన్ వచ్చింది. "తాతయ్యా, యాక్సిడెంట్ అయింది, నాన్నకి చెప్పకు" అని ఏడ్చాడు. అడిగినంత పంపేశాను. తర్వాత తెలిసింది వాడు హాయిగా హాస్టల్లో ఉన్నాడని. మా అబ్బాయి తిడతాడని ఇంతవరకూ ఇంట్లో చెప్పలేదు. ఇలాంటివి మళ్లీ రాకుండా ఏం చెయ్యాలి?

జవాబు: తాతగారూ, మీరు మోసపోయింది తెలివితక్కువగా కాదు, ప్రేమగా. మనిషి మాట్లాడిన చిన్న ముక్క దొరికితే చాలు, అదే గొంతుతో ఏ మాటైనా పలికించే సాఫ్ట్‌వేర్ ఇప్పుడుంది. పిల్లలు స్టేటస్‌ల్లో పెట్టే వీడియోల నుంచి ఆ ముక్క తీసుకోవడం చిటికెలో పని.

ఇంటిల్లిపాదీ కలిసి ఒక రహస్య పదం పెట్టుకోండి. ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ తట్టనిది, ఎక్కడా రాసి పెట్టనిది. ఎవరైనా కష్టంలో ఉన్నానని డబ్బడిగితే ఆ పదం అడగాలి. చెప్పలేకపోతే ఫోన్ పెట్టేసి, మీ దగ్గరున్న పాత నంబర్‌కి మీరే చెయ్యాలి. "నాన్నకి చెప్పకు" అన్న మాట వినబడ్డ క్షణాన అనుమానించండి. వాట్సాప్‌కి రెండో అంచె పిన్ మనవడిచేత పెట్టించుకోండి. ఓటీపీ అడిగినవాడు ఎవరైనా, ఎంత మర్యాదగా అడిగినా, చెప్పకండి.

ఇంట్లో ఈ రాత్రే చెప్పండి. ఎందుకో కూడా చెబుతాను. ఒకసారి డబ్బు పోగొట్టుకున్నవాళ్ల నంబర్లు ఈ ముఠాల మధ్య చేతులు మారుతుంటాయి. కొన్నాళ్లకి "పోయిన మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం, ముందు కొంత ఫీజు కట్టండి" అని ఇంకొకడు ఫోన్ చేస్తాడు. ఇంట్లో ఎవరికీ తెలియని మనిషే వాడికి కావాల్సింది. ఆలస్యమైనా సరే, మీ అబ్బాయిని వెంటబెట్టుకుని బ్యాంకుకీ పోలీసు స్టేషన్‌కీ వెళ్లి రండి.

మీ అబ్బాయి కూడా ఈ పత్రిక చదువుతారని రాశారు. బాబూ, మీ నాన్నగారు ఇవాళో రేపో మీ దగ్గరకొచ్చి ఏదో చెప్పబోతారు. ఫోన్ పక్కన పెట్టి, దుప్పటి జరిపి చోటివ్వండి.